ఒకే ఇల్లు... రెండు బడులు

ఉదయం ఏడున్నర దాటిందంటే చాలు... సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వీధుల్లో పసుపుపచ్చ బస్సుల హడావిడి మొదలవుతుంది. టిఫిన్ బాక్సు మూత బిగిస్తూ ఒక తల్లి గుమ్మం దాకా పరుగెత్తుకొస్తుంది. ముందొకరిని, వెనుక ఇద్దరిని ఎక్కించుకున్న తండ్రి రోడ్డు దాటడానికి సందు కోసం చూస్తుంటాడు. తొమ్మిదయ్యేసరికి వీధి మూగబోతుంది. పిల్లలంతా బడికి వెళ్లిపోయారని అనుకుంటాం.

కానీ అందరూ వెళ్లలేదు. కొన్ని ఇళ్లలో కిటికీ ఊచలు పట్టుకుని, అక్క ఎక్కిన బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడే తమ్ముళ్లున్నారు. అన్నయ్య పుస్తకాల సంచీ సర్దిపెట్టి, తాను మాత్రం ఇంట్లోనే ఉండిపోయే చెల్లెళ్లున్నారు. ఆ ఇంటి తల్లికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, పలక ముందుపెట్టుకుని ఆమె టీచరైపోతుంది.

ఇంట్లోనే చదువుకునే పిల్లలు మన ప్రాంతంలో తక్కువే. తీవ్రమైన వైకల్యం వల్ల బడిదాకా వెళ్లలేనివాళ్లు కొందరు. జబ్బుపడి చదువు మధ్యలో ఆగినవాళ్లు కొందరు. చదవడంలో, రాయడంలో వెనకబడి తరగతిలో నవ్వులపాలవుతుంటే, కొంతకాలం ఇంటిపట్టున నేర్పుదామని తల్లిదండ్రులు తీసుకొచ్చినవాళ్లు కొందరు. ర్యాంకుల పరుగు వద్దనుకుని ఆలోచించి ఈ దారి ఎంచుకునే కుటుంబాలు పట్టణాల్లో అక్కడక్కడా కనిపిస్తున్నాయి. కారణం ఏదైనా, ఒక బిడ్డ బడిలో, ఒక బిడ్డ ఇంట్లో చదువుకుంటున్న కుటుంబానికి ఎవరూ చెప్పని కొన్ని కష్టాలుంటాయి. ఆ ఇంట్లో ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అన్న ప్రశ్న రోజూ నోరు తెరవకుండానే వినిపిస్తూ ఉంటుంది. ఆ ప్రశ్నకు అమ్మానాన్నలు ఏం జవాబు చెబుతున్నారు? సంఘం ఏం జవాబు చెబుతోంది?

బడి గుమ్మం ఊరికే రాలేదు

ముందుగా ఒక మాట. ఇంటి చదువును పొగిడేముందు మన పెద్దల చరిత్ర గుర్తుచేసుకోవాలి. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రాహాం ఫ్రీసెన్ అమెరికన్ బాప్తిస్టు మిషనుతో కలిసి 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టాడు. ఆ తరువాత సూర్యాపేటలోనూ మిషను కేంద్రం వెలసింది. నిజాం పాలనలోని ఆ రోజుల్లో పల్లెల్లోని పేదల పిల్లలకు, ముఖ్యంగా ఊరి చివర ఉండే దళితుల పిల్లలకు అక్షరం అందని పండు. తెలుగునాట మిషన్లు వెళ్లిన చోటల్లా ప్రార్థన జరిగే పాకే పగలు బడి అయింది. వాక్యం చెప్పే బోధకుడే పలక పట్టించే పంతులయ్యాడు. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య కూడా పల్లె ఉపాధ్యాయుల మీదనే తన పరిచర్యను కట్టాడు. పగలంతా పశువులు కాసిన పిల్లలు, పొలంలో కూలిచేసిన పెద్దలు దీపం వెలుగులో అక్షరాలు దిద్దారు.

బడి దొరికినా బడిలో గౌరవం దొరకలేదు. 1895లో వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువా చిన్ననాడే బడిలో కులం పేరిట అవమానాలు పడ్డారు. అందుకే ఇప్పటికీ మన ఇళ్లలో తాతయ్యలు, నానమ్మలు 'బిడ్డను బడి మాన్పించాం' అంటే ఉలిక్కిపడతారు. వాళ్ల భయం అర్థం లేనిది కాదు. 'బడి మానడం' అంటే వాళ్లకు తెలిసింది పత్తి చేను, ఇటుకల బట్టీ, పశువుల కాపరితనం, ఆడపిల్లకైతే తొందరపాటు పెళ్లి.

ఇంట్లో ఉన్న ప్రతి బిడ్డా చదువుకుంటున్నట్టు కాదు. బాలకార్మికులను బడికి చేర్చడానికి 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో, తరువాత ఇతర జిల్లాల్లో పనిచేసిన ఎం.వి.ఫౌండేషన్ ఒక మాట గట్టిగా పట్టుకుంది. బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే లెక్కించాలన్నదే ఆ మాట. ఆ సంస్థను నడిపించిన ఆచార్య శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఇంటి చదువు అని పేరుపెట్టి ఆడపిల్ల చేత అంట్లు తోమించడం, తమ్ముణ్ణి ఎత్తుకునే పని అప్పగించడం చదువు కాదు. ఇంట్లో చదువుకునే బిడ్డకు రోజులో తనకంటూ కొన్ని గంటలుండాలి. తనకంటూ నేర్పేవాళ్లుండాలి. నెలకు నెలకు ఎదుగుదల కనిపించాలి. ఇవి లేనప్పుడు దగ్గరలోని సర్కారు బడే వెయ్యిరెట్లు మేలు.

అందరి ఇళ్లూ బడులైన కాలం

2020 మార్చిలో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు ఒక విచిత్రం జరిగింది. కిటికీ దగ్గర నిలబడే ఆ ఒక్క బిడ్డ మాత్రమే కాదు, రాష్ట్రంలోని పిల్లలందరూ ఇంటి చదువు పిల్లలైపోయారు. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్లలో సర్కారు బడి పిల్లలకు డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. మధ్యలో పై తరగతుల పిల్లలకు కొన్ని వారాలు బడి తెరిచి మళ్లీ మూసినా, అందరికీ గేట్లు తెరుచుకున్నది 2021 సెప్టెంబరు 1న.

ఆ ఏడాదిన్నర మన ఇళ్లు చాలా నేర్చుకున్నాయి. ఒక్క ఫోను, ముగ్గురు పిల్లలు. ఒకరికి ఆన్‌లైన్ క్లాసు, ఒకరికి టీవీ పాఠం, ఇంకొకరికి అమ్మ చెప్పే ఎక్కాలు. రైసుమిల్లు పని నుంచి నాన్న ఇంటికొచ్చేదాకా ఆ ఫోను కోసం ఎదురుచూసిన ఇళ్లెన్నో! బిడ్డకు కూడికలు రావని ఎనిమిదో తరగతిలో కనిపెట్టిన తండ్రులున్నారు. టీచరమ్మ నలభైమందితో ఎలా వేగుతోందోనని మొదటిసారి ఆశ్చర్యపోయిన తల్లులున్నారు. బడి తెరిచాక చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. కానీ బడికి వెళ్లలేని బిడ్డ ఉన్న ఇంట్లో మాత్రం ఆ రోజు ఇంకొకటి జరిగింది. తోడుగా ఇంట్లో ఉన్న అక్క మళ్లీ బస్సెక్కింది. తమ్ముడు మళ్లీ కిటికీ దగ్గరికి చేరాడు. అందరికీ తీరిన కష్టం అతనికి తీరలేదు. లాక్‌డౌన్‌లో మనం ఏడాదిన్నర పడిన ఒంటరితనాన్ని ఆ బిడ్డ ఏళ్ల తరబడి మోస్తున్నాడన్న సంగతి మనకు గుర్తుందా?

బైబిల్లో ఇల్లూ ఉంది, బడీ ఉంది

విశ్వాసుల్లో కొందరు 'దేవుడు పిల్లల్ని తల్లిదండ్రులకే అప్పగించాడు కాబట్టి ఇంట్లో నేర్పడమే వాక్యానుసారం' అంటారు. ఇంకొందరు 'పదిమందిలో తిరగని పిల్లాడు ఎందుకు పనికొస్తాడు?' అంటారు. బైబిలు తెరిస్తే రెండూ కనిపిస్తాయి.

కూర్చున్నా నడిచినా, పడుకున్నా లేచినా పిల్లలకు దేవుని మాటలు నేర్పుతూ ఉండమని మోషే ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించాడు (ద్వితీయోపదేశకాండము 6:6-9). ఆ పని ఇంటిదే, ఏ బడికీ అప్పగించడానికి వీల్లేదు. కానీ ఆ మోషే ఎక్కడ చదువుకున్నాడు? పాలు విడిచేదాకా కన్నతల్లి ఒడిలో, ఆ తరువాత ఫరో ఇంట్లో. ఐగుప్తీయుల విద్యలన్నీ అభ్యసించాడని స్తెఫను సాక్ష్యమిచ్చాడు (అపొస్తలుల కార్యములు 7:22). తిమోతికి విశ్వాసం అమ్మమ్మ లోయి నుంచి, తల్లి యునీకే నుంచి వచ్చింది (2 తిమోతి 1:5). అతని గురువైన పౌలు మాత్రం గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నవాడు (అపొస్తలుల కార్యములు 22:3). దానియేలు, అతని స్నేహితులు బబులోను రాజు పెట్టిన మూడేళ్ల చదువు చదివారు, తమ విశ్వాసం విడవలేదు. సమూయేలునైతే నేటి హాస్టలు పిల్లాడనవచ్చు. పాలు విడిచాక షిలోహు మందిరంలోనే పెరిగాడు. తల్లి హన్నా ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది (1 సమూయేలు 2:19). బిడ్డ ఎంత ఎదిగాడో కళ్లతో చూడకుండానే కొలత ఊహించి కుట్టిన ఆ అంగీలో తల్లి ప్రేమంతా ఉంది. అదే మందిరంలో, తండ్రి కళ్లముందే పెరిగిన ఏలీ కొడుకులు మాత్రం చెడిపోయారు.

మన ప్రభువు నజరేతు ఇంట్లో వడ్లవాని పని నేర్చుకున్నాడు. పన్నెండేళ్ల వయసులో దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలడుగుతూ కనిపించాడు. తరువాత ఇంటికి వెళ్లి తల్లిదండ్రులకు లోబడి ఉన్నాడు (లూకా 2:46-51). కాబట్టి ఇల్లు గొప్పదా, బడి గొప్పదా అన్నది విశ్వాసానికి కొలబద్ద కాదు. కూరగాయలు తినేవాడూ, అన్నీ తినేవాడూ ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దని రోమా సంఘానికి పౌలు చెప్పిన మాట (రోమా 14) ఇక్కడా వర్తిస్తుంది. ఇంట్లో నేర్పేవారు బడికి పంపేవారిని తక్కువ చూడకూడదు. బడికి పంపేవారు ఇంట్లో నేర్పేవారిని వింతగా చూడకూడదు.

నిలువుటంగీ మళ్లీ కుట్టొద్దు

ఇద్దరు పిల్లలకు రెండు రకాల చదువులు ఉన్నచోట అసలు ప్రమాదం పాఠాల్లో లేదు, పక్షపాతంలో ఉంది. ఇస్సాకు ఏశావును ప్రేమించాడు, రిబ్కా యాకోబును ప్రేమించింది. ఒక ఇల్లు రెండుగా చీలిపోయింది. ఆ బాధ స్వయంగా అనుభవించిన యాకోబే తరువాత ఒక్క యోసేపుకు విచిత్రమైన నిలువుటంగీ కుట్టించాడు. మిగతా అన్నలు అతన్ని మంచి మాటతో పలకరించలేకపోయారు (ఆదికాండము 37:3-4).

మన ఇళ్లలో ఆ అంగీ రెండు విధాలుగా తయారవుతుంది. ఒక ఇంట్లో బడికి వెళ్లే బిడ్డ మార్కుల కార్డే ఆ అంగీ. చుట్టాలొస్తే కార్డు బయటికొస్తుంది. 'మరి చిన్నోడు?' అని వాళ్లు అడగగానే అమ్మ మాట మారుస్తుంది. పక్క గదిలో చిన్నోడు ఆ మౌనాన్ని వింటాడు. ఇంకో ఇంట్లో ఇంటిపట్టున ఉన్న బిడ్డ చుట్టూనే అమ్మ రోజంతా తిరుగుతుంది. సాయంత్రం బడి నుంచి వచ్చిన పెద్దపిల్ల 'అమ్మా, ఇవాళ ఏం జరిగిందో తెలుసా?' అని మొదలుపెడితే 'ఆగమ్మా, తమ్ముడికి తినిపించనీ' అన్న జవాబు వస్తుంది. రోజూ అదే జవాబు వస్తే ఆ పిల్ల చెప్పడం మానేస్తుంది. తండ్రి ఇంట్లోనే, పనిలోనే ఉండి 'నాకెప్పుడైనా ఒక్క మేకపిల్లనైనా ఇచ్చావా' అని అడిగిన పెద్దకొడుకు (లూకా 15) బాధ అలాంటిదే.

ఇంట్లో చదువుకునే బిడ్డకూ కొన్ని చిన్న కోరికలుంటాయి. అక్కకు దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, వేసవిలో ఒంటిపూట బడులు ఉంటాయి. అతనికి సెలవే ఉండదు, ఎందుకంటే బడే లేదు. అతనికీ ఒక సంచీ, ఒక వేళ, పాఠం మొదలైందని చెప్పే ఒక గంట, పాఠం అయిపోయాక ఒక సెలవు ఉండాలి. ఖర్చు లేని పని ఇది. కానీ 'నా చదువు కూడా చదువే' అన్న ధైర్యం ఆ బిడ్డకు దానితోనే వస్తుంది.

బడికి వెళ్లే అక్కనో అన్ననో రెండో టీచరుగా మార్చేయడం కూడా అన్యాయమే. నైలు నది ఒడ్డున తమ్ముడి పెట్టె ఏమవుతుందోనని దూరంగా నిలబడి చూసిన మిర్యాము (నిర్గమకాండము 2:4) ఎంతో మంచి అక్క. ఆమె చేసింది కాపలా కాయడం, అవసరమైన వేళ వెళ్లి అమ్మను పిలవడం. పెంచే భారం అమ్మే మోసింది. అక్క ఇష్టపడి రోజుకు పది నిమిషాలు కథ చదివి వినిపిస్తే అది ఆశీర్వాదం. తన హోంవర్కు మానుకుని తమ్ముడికి పాఠం చెప్పాల్సి వస్తే అది బరువు.

మన ఊళ్లే పుస్తకాలు

ఇద్దరినీ కలిపే దారి ఒకటుంది. పాఠ్యపుస్తకంలో లేని పాఠాలు మన చుట్టూ ఉన్నాయి. శనివారం సాయంత్రమో, ఆదివారం ఆరాధన తరువాతో ఇద్దరూ కలిసి నేర్చుకోవచ్చు. మిర్యాలగూడలో రైసుమిల్లులకు కొదవ లేదు. బస్తాకు ఎన్ని కిలోలు, క్వింటాలు ధాన్యం ఆడిస్తే బియ్యం ఎంత, తవుడు ఎంత, ఊక ఎంత అని నాన్న అడిగితే శాతాల లెక్క దానంతటదే వస్తుంది. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ పొలాలకు నీళ్లిచ్చే సాగర్ ఎడమ కాలువ ఒక చరిత్ర పాఠం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లు రాకముందు ఈ పొలాలెలా ఉండేవో తాతయ్యను అడిగితే పుస్తకంలో లేనిది చెబుతాడు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో కాకతీయుల కాలం నాటి శాసనాలున్నాయి. ఎనిమిది వందల ఏళ్ల కిందట మన తెలుగు అక్షరం ఎలా ఉండేదో రాతి మీద చూసిన పిల్లలు మరిచిపోరు. జాతీయ రహదారి మీది కిలోమీటరు రాళ్లు కూడా కూడికలు, తీసివేతలు నేర్పుతాయి.

ఇలాంటి పాఠంలో బడి పిల్లాడు ముందు, ఇంటి పిల్లాడు వెనక అని ఉండదు. ఒక్కోసారి ఇంట్లో చదువుకునే బిడ్డే ముందుగా జవాబు చెబుతాడు. అది వినాల్సింది అక్కే!

గురువారం జాన్‌ది

ఇంగ్లండులోని ఎప్‌వర్త్ అనే ఊళ్లో సుసన్నా వెస్లీ అనే పాస్టరమ్మ ఉండేది. ఆమెకు పంతొమ్మిదిమంది పిల్లలు పుడితే తొమ్మిదిమంది పసితనంలోనే చనిపోయారు. మిగిలిన పిల్లలకు ఇంట్లో తానే చదువు చెప్పింది. అయిదో పుట్టినరోజు దాటగానే అక్షరాలు మొదలు. ఉదయం మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు పాఠాలు. చక్కగా చదవడం వచ్చేదాకా ఆడపిల్లలకు కుట్టుపని అప్పగించవద్దన్నది ఆమె నియమం. మూడు వందల ఏళ్ల కిందటి సంగతి ఇది!

1709లో వాళ్ల ఇల్లు కాలిపోయింది. అయిదేళ్ల జాన్ వెస్లీని కిటికీలోంచి అందుకుని కాపాడారు. ఇల్లు మళ్లీ కట్టేదాకా పిల్లలు తలా ఒక ఇంట్లో పెరిగారు. తిరిగొచ్చేసరికి వాళ్ల మాట, నడత మారిపోయాయని సుసన్నా బాధపడింది. అప్పుడు ఆమె చేసిన పని మన తల్లులందరూ తెలుసుకోదగ్గది. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకు కేటాయించింది. ఆ వేళ ఆ బిడ్డతో మాత్రమే కూర్చుని మాట్లాడేది. గురువారం జాన్‌ది, శనివారం చార్లెస్‌ది. జాన్ పెద్దవాడై ఊరు విడిచివెళ్లాక కూడా ఆ గురువారాలను తలచుకుని తల్లికి రాశాడు.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. ఇంట్లో అంత బాగా నేర్పిన తల్లి పిల్లల్ని ఇంట్లోనే కట్టిపడేయలేదు. 1714లో పదేళ్ల జాన్ లండన్‌లోని చార్టర్‌హౌస్ బడికి వెళ్లాడు. రెండేళ్లకు చార్లెస్ వెస్ట్‌మినిస్టర్ బడికి వెళ్లాడు. అలాగని ఆ ఇల్లు కష్టాలు లేని ఇల్లు కాదు. అప్పులు, జబ్బులు, తండ్రి కోపం అన్నీ ఉన్నాయి. అన్నదమ్ములతో సమానంగా తెలివైన కూతురు హెట్టీ జీవితం కన్నీళ్లతోనే గడిచింది. బాగా నేర్పిన ఇల్లు కూడా ఒక బిడ్డ విషయంలో తప్పిపోవచ్చని ఆమె కథ హెచ్చరిస్తుంది.

మన దేశంలో పండిత రమాబాయి కథ కూడా ఇంట్లోనే మొదలైంది. ఆడవాళ్లకు సంస్కృతం నేర్పకూడదన్న కాలంలో తండ్రి అనంతశాస్త్రి తన భార్యకు నేర్పాడు. ఆ తల్లి లక్ష్మీబాయి 1858లో పుట్టిన రమాబాయికి నేర్పింది. బడి ముఖం చూడకుండా పండితురాలైన రమాబాయి 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం పొందింది. తిరిగొచ్చాక 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ అనే బడి పెట్టింది. ఇంట్లో తాను పొందినదాన్ని, ఇల్లు లేనివాళ్లకు బడి కట్టి ఇచ్చింది.

సుసన్నాలా ఆరు గంటలు మనకు కుదరకపోవచ్చు. కానీ వారానికొక్క సాయంత్రం, ఒక్క బిడ్డకు, ఫోను పక్కనపెట్టి అరగంట ఇవ్వడం ఏ తల్లికైనా, ఏ తండ్రికైనా కుదురుతుంది. ఈ మాట తండ్రులకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. నేర్పే భారమంతా అమ్మ మీద వేసి, తప్పులు వెతికే పని మాత్రం నాన్న పెట్టుకుంటే పిల్లలు కుంగిపోతారు. తండ్రులు పిల్లల మనసు విరగ్గొట్టవద్దని పౌలు హెచ్చరించింది అందుకే (కొలొస్సయులు 3:21). 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తరువాత మన రాష్ట్రంలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కులు ఎన్నొచ్చినా ఇంట్లో తన చోటు తనదేనని ప్రతి బిడ్డకూ ముందే తెలియాలి. ఫలితాల రోజున చెబుదామంటే ఆలస్యమైపోవచ్చు.

చట్టం ఏమంటోంది?

చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతులు తెలియక భయపడుతుంటారు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచితంగా చదువు అందించడం ప్రభుత్వం బాధ్యత. పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల కర్తవ్యమని కూడా ఆ చట్టం చెబుతోంది. అయితే చేర్పించని తల్లిదండ్రులకు అందులో శిక్ష ఏమీ రాయలేదు. 2012లో వచ్చిన సవరణ ప్రకారం తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువుకునే హక్కు కూడా ఉంది. ఇది దయ కాదు, హక్కు. అలాగని వైకల్యం ఉన్న బిడ్డను బడిలో చేర్చుకోమని ఎవరూ తిప్పి పంపడానికి వీల్లేదు. ఇల్లా, బడా అన్నది కుటుంబం ఎంచుకోవాలి.

మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులు కదలలేని పిల్లల ఇళ్లకు వెళ్లి నేర్పుతారు. మండల విద్యాధికారి కార్యాలయంలో అడిగితే వివరాలు చెబుతారు. ఇంట్లో కొన్నాళ్లు చదివిన బిడ్డ మళ్లీ బడికి వెళ్లాలనుకుంటే, వయసుకు తగిన తరగతిలో చేరవచ్చు. వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ అడగవచ్చు. జూన్‌లో జరిగే బడిబాట సమయంలో టీచర్లు ఇంటింటికీ వస్తారు, వారినీ అడగవచ్చు.

పరీక్షల సంగతంటారా, 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయి పరీక్షలు పెడుతోంది. పద్నాలుగేళ్లు నిండినవారు పదో తరగతి రాయవచ్చు. తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా తెలుగులోనే పది, ఇంటర్ పూర్తి చేయవచ్చు. ఇంట్లో చదివినంత మాత్రాన బిడ్డ భవిష్యత్తు తలుపు మూసుకుపోదు.

సంఘం చేయగలిగింది

ఇక సంఘం సంగతి. ఇంట్లో చదువుకునే బిడ్డకు తోటి పిల్లలతో కలిసి కూర్చునే ఏకైక తరగతి చాలాసార్లు మన సండే స్కూలే. అక్కాతమ్ముళ్లు ఒకే హాజరు పట్టీలో ఉండేదీ అక్కడే. ఆ ఒక్క చోట కూడా అతను వెనక బెంచీలో అమ్మ పక్కన కూర్చోవాల్సి వస్తే మనం ఏం సంఘం? 'ఏ స్కూలు బాబూ?' అని అడగడం మానేసి 'ఈ వారం ఏం నేర్చుకున్నావు?' అని అడుగుదాం. ఇద్దరు పిల్లలూ జవాబు చెప్పగలిగే ప్రశ్న అది.

ఫలితాలు రాగానే మంచి మార్కులు వచ్చినవారిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పడం మన సంఘాల్లో ఆనవాయితీ. మంచిదే. కానీ ఏడాదంతా కష్టపడి తన చొక్కా గుండీలు తానే పెట్టుకోవడం నేర్చుకున్న బిడ్డ, తొమ్మిదేళ్లకు తన పేరు తాను రాయగలిగిన బిడ్డ ఆ వేదిక కింద కూర్చుని చూస్తుంటారు. కృతజ్ఞతా కానుక వాళ్ల అమ్మ కూడా వేస్తుంది. ఆ కానుక వెనక ఎంత కష్టముందో పాస్టరుగారికి తెలియాలి. ఆ బిడ్డ పేరు కూడా ఆ ఉదయం ప్రార్థనలో వినిపించాలి.

స్త్రీల సమాజంలోని ఇద్దరు అక్కలు వారానికొక మధ్యాహ్నం ఆ ఇంట్లో కూర్చుంటే, ఆ తల్లి సంతకో, ఆసుపత్రికో, ఊరికే ఒక కునుకు తీయడానికో వెళ్లగలుగుతుంది. బీఎడ్ చదివిన యవ్వనస్థులు సంఘానికి ఒకరిద్దరైనా ఉంటారు. వారానికొక గంట లెక్కలు చెబితే చాలు. మందిరం మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కేలా ఒక వాలుదారి పోయడానికి ఎన్ని బస్తాల సిమెంటు కావాలి?

అన్నిటికంటే ముందు ఒక మాట మానేయాలి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి 'ఎవరు చేసిన పాపం?' అని శిష్యులు అడిగారు. వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదని ప్రభువు తేల్చిచెప్పాడు (యోహాను 9:2-3). రెండువేల ఏళ్లు గడిచినా మన మధ్య కొందరు ఆ తల్లితో 'ఉపవాసముండి ఒప్పుకోండమ్మా' అంటూనే ఉన్నారు. ప్రభువు మూసేసిన ప్రశ్నను మనం తెరవకూడదు.

దావీదు సింహాసనమెక్కాక, రెండు కాళ్లూ కుంటివైన మెఫీబోషెతును పిలిపించి రాజకుమారుల్లో ఒకడిలా తన బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అతను నిత్యం అక్కడే భోజనం చేశాడని లేఖనం చెబుతోంది (2 సమూయేలు 9:11-13). అతని కాళ్లు బాగుపడ్డాయని ఎక్కడా లేదు. అతని చోటు మాత్రం ఎవరూ తీసేయలేదు. ఒకే ఇంట్లో రెండు రకాలుగా చదువుకునే పిల్లలకు కావలసింది ఇదే. ఒకరు యూనిఫాంలో, ఒకరు ఇంటి బట్టల్లో ఉండవచ్చు. ఒకరు పరుగెత్తవచ్చు, ఒకరు పాకవచ్చు. అన్నం వడ్డించేటప్పుడు ఇద్దరి కంచాలూ పక్కపక్కన ఉండాలి, ఇద్దరి కబుర్లూ వినేవాళ్లుండాలి.

ఈ వారం మీ సంఘంలో అలాంటి ఇల్లు ఏదో గుర్తుతెచ్చుకోండి. సలహాలు పట్టుకుని వెళ్లకండి. ఆదివారం సాయంత్రం మీ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, గంటసేపు ఆడుకోనివ్వండి.